గేరు పట్టేస్తే షిఫ్టర్ ఖరాబైనట్టు కాదు

(నల్లగొండలో సైకిల్ తొక్కేవాళ్ల ఆదివారం కూడికలో ఒక సైకిల్ మెకానిక్ చేసిన ప్రసంగం. మాట్లాడిన యాసలోనే రాసుకున్న పాఠం.)

అందరికి నమస్తే. పానగల్ చెరువు కట్ట దాంక పోయి వచ్చిన్రు, ఇడ్లి తిన్నరు, చాయ్ తాగిన్రు. ఇగ కండ్లు మూతలు పడకముందే మొదలువెడ్త.

ఈ సైకిల్ జర చూడుండ్రి. స్టాండుకు ఎక్కించిన. ఎడమ చేత్తోటి పెడల్ తిప్పుతున్న, కుడి చేత్తోటి షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే పిడి) పెద్ద లివర్ లోపటికి నూకుతున్న. చెవి వెట్టి వినుండ్రి. ఏమన్న వినొచ్చిందా? లేదు. లివర్ పోయింది, వచ్చింది, గంతే. ‘టక్కు’మనాలె, అంటలేదు. చైను ఉన్నకాడనే ఉన్నది. మళ్ల నూకుతున్న, మళ్ల అదే కథ.

ఇది మనల్నే ఒక సారుది. పేరు చెప్ప, కానీ నవ్వుతున్నరు చూడుండ్రి, మీకే తెలిసిపోతది. ‘షిఫ్టర్ పోయిందంట, కొత్తది ఎయ్యాల్నంట, ఒక్క చెయ్యిది దొరకదంట, జతే కొనాల్నంట’ అనుకుంట మొఖం ఏలాడేసుకొని వచ్చిన్రు. ఎవరన్నరు సార్ అంటే ఏదో షాపుల అన్నరంట. నేను దాన్ని ముట్టుకోలే. ఆదివారం దాంక ఆగుండ్రి, అందరి ముందటనే చూద్దాం అన్న.

నేనియ్యాల చెప్పొచ్చింది ఒక్కటే ముచ్చట. గేరు పట్టేసిందంటే ముందుగాల ఏ సగం పట్టేసిందో తేల్చాలె. చేతికాడి సగమా, వైరు సగమా? అది తేల్చకుంట సామాను మార్చుకుంట పోతే దాన్ని రిపేరు అనరు, ఖరీదు అంటరు.

చేతికాడి సగం సంగతి మొదలు చూద్దాం. మనల్ల పెద్దోళ్లకు కిరాయి సైకిళ్లు యాదికుంటయి. ఆ సైకిళ్లకు ఒక రోగం ఉండేది, ఫ్రీవీల్ ఖాళీగ తిరుగుడు. ఎంత తొక్కినా పెడల్ తిరుగుతది, చక్రం కదలది. అప్పుడు మెకానిక్ ఏం చేస్తుండె? సైకిల్‌ను పక్కకు పండవెట్టి, ఫ్రీవీల్ సందులకు గ్యాస్‌నూనె పోసి, ఎనకకు ముందుకు తిప్పుతుండె. నల్లటి మడ్డి కారేది. జరసేపటికి కిర్రుకిర్రుమని చప్పుడొచ్చేది, పైసలిచ్చి తొక్కుకుంట పోయేటోళ్లు. ఆ లోపట ఉండేది ఏంది? ఒక పండ్ల చక్రం, దానికి ఆనుకొని చిన్న చిన్న కొక్కాలు, ఆ కొక్కాలను లేపి పట్టే సన్నని స్ప్రింగు. పాత గ్రీజు దుమ్ముతోటి కలిసి జిగురైతే, కొక్కెం పండుకుంటది. స్ప్రింగుకు దాన్ని లేపే బలం చాలది. కొక్కెం పన్ను మీద పడకుంటే పట్టు ఎక్కడిది?

మీ షిఫ్టర్ లోపట ఉన్నది గూడ అదే యవ్వారం. జపాన్‌ల సకాయ్ అనే ఊర్ల 1921ల షిమానో అనే సైకిల్ సామాన్ల కంపెనీ మొదలైంది, వాళ్లు మొట్టమొదలు చేసిన సామాను ఫ్రీవీలే. 1984ల డ్యూరా-ఏస్ అనే గేర్ల సెట్టు‌తోటి ఒక్కో గేరుకు ఒక్కో టక్కు వచ్చే ఏర్పాటు తెచ్చిన్రు. అంతకుముందు రోడ్డు సైకిళ్లకు ఫ్రేము మీద లివర్, దాన్ని అందాజగ జరుపుకోవాలె. 1990ల ఆ లివర్‌ను తెచ్చి బ్రేకు లివర్‌ల కలిపేసిన్రు. ఎనక చక్రంల ఉన్న కొక్కెం మన చేతిలకు వచ్చిందన్నట్టు. లోపట వైరు చుట్టుకునే గిరక ఒకటి ఉంటది. పెద్ద లివర్ నూకితే ఒక కొక్కెం గిరకను ముందుకు తిప్పుతది, ఇంకో కొక్కెం అది ఎనకకు రాకుండ ఆపుతది. చిన్న లివర్ నూకితే ఆపిన కొక్కెం ఒక్క పన్ను వదుల్తది. టక్కుమనేది ఆ పన్నే.

ఫ్యాక్టరీల పెట్టిన గ్రీజు ఏండ్లు గడిస్తే మైనం లెక్క గడ్డ కడ్తది. రోజూ తొక్కే సైకిల్‌ల కొక్కాలు కదులుతుంటయి గనుక జర ఆలస్యంగ కడ్తది. కరోనప్పుడు ఉత్సాహంగ కొని, తర్వాత బాల్కనీల గోడకు ఆనిచ్చినయి చూడుండ్రి, అవ్వే ముందు పట్టేస్తయి. సార్, మీరు అటు చూడకుండ్రి, మిమ్మల్ని అంటలే.

ఇగ పని మొదలువెడుదాం. ముందుగాల ఒక పాత బట్ట తీస్కొని చక్రం మీద, బ్రేకు దగ్గర కప్పుతున్న. ఇది మర్చిపోతే పెద్ద తిప్పలు. స్ప్రే తుంపర డిస్కు మీదనో రిమ్ము మీదనో పడితే గేరు మంచిగైతది, బ్రేకు పోతది. ఇప్పుడు హ్యాండిల్ మీది రబ్బరు తొడుగును అంచు పట్టుకొని ముందుకు మలుస్తున్న. జోరుగ గుంజొద్దు, పాతవడ్డ రబ్బరు చిరుగుతది. బ్రేకు లివర్‌ను పూరాగ లోపటికి పట్టుకోండ్రి. ఆ సందుల చూస్తే పండ్లు, చిన్న స్ప్రింగు కనవడ్తయి. సెల్‌ఫోన్ లైటు ఎయ్యుండ్రి. చూసిన్రా, పండ్ల మొదట్ల పసుపచ్చగ, అంచుకు నల్లగ పేరుకపోయింది? అది గ్రీజే. ఒకప్పటి గ్రీజు.

ఈ డబ్బా డబ్ల్యూడీ-40. 1953ల అమెరికాల శాన్ డియాగోల చేసిన్రు, తడిని తరమాల్నని. నలభయ్యో ఫార్ములా కుదిరిందని ఆ పేరు. ఇది గడ్డ కట్టిన గ్రీజును మంచిగ కరిగిస్తది, కానీ ఎక్కువ రోజులు నిలిచే నూనె కాదు. అందుకే దీనితోటే పని అయిపోయిందనుకోవద్దు. సన్న గొట్టం పెట్టి, లోపటి సందులకు కొడుతున్న. మస్తు కొట్టాలె, పీనాసితనం వద్దు. ఇప్పుడు రెండు లివర్లు మార్చి మార్చి నూకుకుంట ఉండాలె. చప్పుడు వచ్చినా రాకున్నా నూకుడే. ఇగో, కిందికెల్లి నల్లటి చుక్కలు కారుతున్నయి చూడుండ్రి. ఒక్కసారికి కాదు. కొట్టాలె, నూకాలె, తుడవాలె, మళ్ల కొట్టాలె. కొన్నయితే రాత్రంతా నానవెట్టాలె.

ఒకాయన పోయినసారి అడిగిండు, గ్యాస్‌నూనె పొయ్యరాదా, పెట్రోల్ పొయ్యరాదా అని. ఇనుప ఫ్రీవీల్‌కు నడిచింది కదా అని దీనికి నడవది. రబ్బరు తొడుగు ఉబ్బిపోతది, లోపట ప్లాస్టిక్ ముక్కలు ఉంటయి. ఇంకోటి, దీన్ని స్క్రూలు ఇప్పి లోపలికెల్లి తియ్యాల్నని చూడకుండ్రి. ఆ స్ప్రింగు ఎగిరిపోతే గది మొత్తం ఊడ్చినా దొరకది, దాన్ని విడిగ అమ్మేటోడు లేడు.

సార్, మీరే ఈ లివర్లు పట్టుకొని నూకుకుంట ఉండుండ్రి. మీ సైకిలే గదా. అది నానే దాంక మనం వైరు సగంలకు పోదాం.

ఎనక గేరు అంటే చైనును ఒక పండ్ల చక్రం మీదికెల్లి ఇంకోదానికి జరిపే సామాను. దాన్ని లాగేది వైరు, వాపస్ గుంజేది స్ప్రింగు. ఇది మనసుల పెట్టుకుంటే సగం దోషాలు సైకిల్ దిగకముందే తెలుస్తయి. చైను చిన్న పండ్ల చక్రం మీదికెల్లి పెద్ద పండ్ల చక్రానికి ఎక్కాలంటే మీ వేలు బలం ఉంటది. వైరు ఎంత బిగుసుకున్నా వేలు దాన్ని లాగేస్తది. పెద్దదానికెల్లి చిన్నదానికి దిగాలంటే మాత్రం గేరుల ఉన్న స్ప్రింగే వైరును గుంజుకోవాలె, దానికి అంత జోరు లేదు. అందుకని ఎక్కేటప్పుడు మంచిగ ఎక్కి, దిగేటప్పుడు మొరాయిస్తే, లివర్ టక్కుమన్నంక నాలుగు తొక్కుళ్లకు గానీ చైను దిగకుంటే, దోషం చేతిల లేదు, వైరుల ఉన్నది. షిఫ్టర్ ఎంత కొత్తది ఎక్కించినా అది పోదు. ఈ ఒక్క ముక్క తెలియకనే జేబులు ఖాళీ చేసుకుంటున్నరు.

తేల్చుకునుడు ఎట్లంటే, చైను పెద్ద చక్రం మీదికి ఎక్కించుండ్రి. పెడల్ ఆపుండ్రి. పెడల్ తిప్పకుంటనే చిన్న లివర్‌ను చివరిదాంక నూకుండ్రి. వైరు వదులైతది. ఫ్రేము మీద ఔటర్, అంటే వైరు మీది నల్ల తొడుగు, ఆనుకునే గూడు ఉంటది గదా, అండ్లకెల్లి ఔటర్‌ను పక్కకు తీసి, వైరు మీద ముందుకు ఎనకకు జరిపి చూడుండ్రి. నూనె రాసినట్టు జారాలె. గరగర అంటే పట్టుకున్నట్టే. మీ సైకిల్‌కు వైరు ఫ్రేము లోపటికెల్లి పోతే ఈ తరీఖ కుదరది. అప్పుడు ఎనక గేరు కాడ వైరు బిగించిన బోల్టు ఇప్పాలె. 5 నంబర్ అలెన్ కీ, కొన్నిట్ల 4. వైరు కొసను పటకారుతోటి జర బిగువుగ పట్టుకొని, ఇంకొకల్ల తోటి లివర్ నూకియ్యుండ్రి. ఒక్కో టక్కుకు ఒక్క తీరుగ వైరు లోపటికి పోయి, మళ్ల ఒక్కో టక్కుకు బయటికొస్తే, షిఫ్టర్‌కు ఏ రోగం లేదు. గేరును చేత్తోటి లోపటికి నూకి వదలుండ్రి. అది ఎంబడే ఎగిరి వస్తే దానికీ రోగం లేదు. ఇగ మిగిలింది వైరు, ఔటరే.

ఎంత చిన్న లెక్క మీద ఇదంతా నడుస్తదో తెలుసా? 8 గేర్ల షిమానో క్యాసెట్‌ల (అంటే ఎనక పండ్ల చక్రాల గుత్తిల) ఒక చక్రానికి ఇంకో చక్రానికి దూరం 4.8 మిల్లీమీటర్లు. దానికి వైరు కదిలేది సుమారు 2.8 మిల్లీమీటర్లే. ఔటర్ లోపట అర మిల్లీమీటరు మడ్డి పట్టుకుంటే చైను ఇటా అటా అని రెండు చక్రాల నడుమ కొట్టుకుంటది. 11 గేర్లయితే ఆ దూరం ఇంకా తక్కువ.

ఆ మడ్డి మన దిక్కు ఏడికెల్లి వస్తదో నేను చెప్పాల్నా? మిర్యాలగూడ రోడ్డు మీద మిల్లుల ఊక దుమ్ము. దామరచర్ల, మఠంపల్లి దిక్కు సిమెంటు. పాలమూరు పోయేటోళ్లకు చెల్క నేలల ఎర్ర దుమ్ము. హ్యాండిల్ మీద కారే చెమట ఒకటి, మే నెలల అది చాలు. ఇగ బోరు నీళ్లు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని ప్రపంచమంతా మన ఊరి పేరు పెట్టుకున్నరు, మన నీళ్ల గొప్పతనం అట్లాంటిది. ఆ నీళ్లతోటి సైకిల్ కడిగి ఎండకు పెట్టిన్రనుకో, నీళ్లు ఆరుతయి, తెల్లటి ఉప్పు మిగులుతది. ఎక్కువ నీళ్లు చేరేది ఎనక చక్రం కాడ ఉండే చివరి వంపుల. ఆ జానెడు ఔటర్ ముక్క ఒక్కటి మారిస్తే చాలా సైకిళ్లకు రోగం కుదురుతది. ఇంకో తావు, పెడల్ ఇరుసు కింద ప్లాస్టిక్ దారి ఉంటది, వైర్లు అండ్లకెల్లి పోతయి. కడిగేటప్పుడు ఎవ్వరు వంగి చూడరు. పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దుండ్రి.

ఔటర్ మార్చేటప్పుడు నాకు కోపం తెప్పించే పని ఒకటి ఉన్నది. గేరు ఔటర్ లేదని బ్రేకు ఔటర్ ఎక్కిస్తరు. చూడడానికి రెండూ నల్లగనే ఉంటయి. కొస కోసి చూడుండ్రి. బ్రేకుది లోపట చుట్లు చుట్టిన తీగ, సాధారణంగా 5 మిల్లీమీటర్ల లావు. గేరుది పొడుగ్గ పక్కపక్కకు పేర్చిన తీగలు, 4 మిల్లీమీటర్లు. చుట్లది వంపుల కాడ నొక్కుకుపోతది, మీరు లాగిన 2.8 మిల్లీమీటర్లల్ల కొంత అండ్లనే పోతది. గేరు ఎన్నడూ సరిగ్గ కూసోదు. ఇది గేరుకు నష్టం, అంతవరకే. దీనికి ఉల్టా చేసి గేరు ఔటర్ బ్రేకుకు ఎక్కిస్తే, జోరుగ బ్రేకు పట్టినప్పుడు పేర్చిన తీగలు చీరుకొని బయటికొస్తయి. బ్రేకు ఉండది. ఎవరన్న అట్ల ఎక్కిస్తే ఆడనే పీకి పారెయ్యమనుండ్రి.

ఇగ వైరు తెగుడు. నా దృష్టిల పెద్ద రోగం ఇదే. షిఫ్టర్ లోపట వైరు గిరక మీద చిన్న మలుపు తిరుగుతది. టక్కుమన్నప్పుడల్ల అదే తావుల వంగుతది. కొన్నాళ్లకు ఒక పోగు తెగుతది, ఎనక ఇంకోటి. బయటికి ఏం కనవడది. ఆనవాలు ఒకటే, గేరు సరిగ్గ పడక వారానికోసారి వైరు బిగువు సవరించే అడ్జస్టర్ మర తిప్పుకుంటున్నరనుకో. తిప్పినప్పుడు మంచిగైతది, మళ్ల తప్పుతది. వైరు సాగుతుందని అంటరు. ఉక్కు వైరు వారం వారం సాగదు, లోపట పోగులు తెగుతున్నయి. ఆ మర తిప్పుడు రెండోసారికి వచ్చిందంటే వైరు తీసి చూడాలె. చిన్న లివర్‌ను చివరిదాంక నూకితే వైరు మొదట్ల ఉన్న గుండు షిఫ్టర్ బొక్క దగ్గరకొస్తది, ఎనకకెల్లి నూకితే బయటికొస్తది. గుండుకు రెండు మూడు వేళ్ల దూరంల పోగులు పొట్టేలు కొమ్ముల తీరు చుట్ట తిరిగి కనవడ్తయి. చేత్తోటి పట్టుకోకుండ్రి, గోరు సందున దిగితే వారం తిండి తినరాదు.

పూరాగ తెగేదాంక ఆగితే ఏమైతది? గుండు లోపట ఉండిపోతది, తెగిన పోగులు పండ్లల్ల ఇరుక్కుంటయి. అప్పుడు నిజంగనే షిఫ్టర్ ఖరాబైతది. వందల్ల పోయేది వేలల్ల పోతది.

అక్కా, చెయ్యెత్తిన్రు, చెప్పుండ్రి.

(ఒకరు: నా సైకిల్‌కు లివర్ అసలు లోపటికే పోతలేదు, గోడకు నూకినట్టు ఉంటది.)

అప్పుడు చైను ఏ చక్రం మీద ఉన్నది అక్కా? అన్నిటికంటె పెద్దదాని మీదనా? అయితే ఏం రోగం లేదు. ఇంకా పైకి ఎక్కాల్నంటే చక్రం లేదు, లివర్ పోదు. మీరు గుట్ట ఎక్కేటప్పుడు ఇంకొకటి దొరుకుతదేమోనని నూకుతున్నరు, అందరం నూకుతం. పెద్దదానికి ఒకటి ముందే ఆగిపోతే మాత్రం ఎనక గేరు మీద ‘ఎల్’ అని రాసిన చిన్న స్క్రూ ఎక్కువ బిగిసి ఉండొచ్చు. పావు చుట్టు వదులు చేసి చూడాలె. ఎక్కువ వదులు చేస్తే చైను చక్రం దాటి పుల్లల్ల పడ్తది, అది మహా ప్రమాదం. చేతకాకుంటే నా దగ్గరికి రాండ్రి. సైకిల్ కుడివైపుకు పడ్డదా మొన్న? పడితే, ఎనక గేరు వేలాడే హ్యాంగర్ వంగిందేమో మొదలు చూడాలె. అది మెత్తటి అల్యూమినియం. అది వంగితే లివర్‌ను ఎంత సరిచేసినా లాభం లేదు.

సార్, ఏమాయె? నూకుతున్నరా? ఆగుండ్రి, అందరు జర సప్పుడు చెయ్యకుండ్రి. నూకుండ్రి సార్.

(‘టక్కు’.)

వినొచ్చిందా? మళ్ల. ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. అంటే ఒక కొక్కెం లేచింది, ఇంకా పూరా సాఫ్ కాలే. ఇంకో రెండు విడతలు కొట్టాలె. ఇక్కడ ఆపేసి ఇంటికి పోయేటోళ్లే ఎక్కువ. నాలుగు రోజులకు మళ్ల పట్టేస్తే ‘చెప్తిని గదా, షిఫ్టరే పోయింది’ అంటరు. ప్రతి నూకుడుకు టక్కు రావాలె, కారే చుక్క తెల్లగ రావాలె, అప్పటిదాంక ఆపొద్దు. ఆరినంక పల్చటి నూనె నాలుగు చుక్కలు. మిషన్ నూనె చాలు. గట్టి గ్రీజు మళ్ల పెట్టకుండ్రి. చుట్టూ కారింది తుడిచెయ్యుండ్రి, లేకుంటే మన దుమ్ము అండ్లనే వచ్చి కూసుంటది.

ఇంకొక్కటి చెప్తే నా పని అయిపోతది. మీరు శ్రీశైలం పోతున్నరు వచ్చే నెల. దేవరకొండ, డిండి దాటి మన్ననూరు దగ్గర అడవిల పడ్డంక షాపు లేదు, చాలా తావుల ఫోను గూడ పలకదు. ఆడ ఎనక వైరు తెగిందనుకో, స్ప్రింగు చైనును అన్నిటికంటె చిన్న చక్రం మీదికి గుంజేస్తది. అంటే అన్నిటికంటె బరువు గేరు. దిగేటప్పుడు మంచిదే. దోమలపెంట దాటి డ్యామ్ దాంక దిగుతరు, అటు ఎక్కాలంటే మోకాళ్లు పోతయి. అప్పుడు ఎనక గేరు మీద ‘హెచ్’ స్క్రూ ఉంటది, దాన్ని లోపటికి బిగించుకుంట పోతే గేరు ఒకటో రెండో చక్రాలు లోపటికి జరిగి ఆడనే నిలుస్తది. ఇంకో ఉపాయం, తెగిన వైరు పొడుగుంటే దాన్ని చేత్తోటి గుంజి, గేరును నడిమి చక్రం కాడ నిలిపి, కొసను ఫ్రేముకున్న సీసా బోల్టు కింద బిగియ్యుండ్రి. ముందట చిన్న చక్రం ఎట్లాగూ ఉన్నది, ఒక్క గేరు సైకిల్ అనుకొని ఎక్కుతరు. బ్యాగుల ఒక గేరు ఇన్నర్ వైరు చుట్ట చుట్టి పెట్టుకోండ్రి. జేబుల పట్టేంత, బరువు లేదు. 200 కిలోమీటర్ల బ్రెవె, అంటే టైము లోపట తొక్కాల్సిన దూరపు సవారి, తొక్కేటోళ్లకు 13 గంటల 30 నిమిషాలే టైము, వైరు కోసం పట్నం దాంక పోయి రాలేరు గదా.

(ఒకరు: ఎలక్ట్రానిక్ గేర్లు కొంటే ఈ గొడవలన్నీ పోతయా?)

తమ్మీ, పైసలుంటే కొను. 2009 నుంచి షిమానో రోడ్డు సైకిళ్లకు అవి ఉన్నయి. గేరును లాగే వైరు ఉండది, లివర్ కాడ పట్టు తప్పే కొక్కెం ఉండది, బటన్ నొక్కితే మోటరు జరుపుతది. ఇయ్యాల నేను చెప్పిన మాటలల్ల సగానికి మీద నీకు అక్కర ఉండది. కానీ బ్యాటరీ అయిపోతే ఉన్న గేరులనే ఇంటికి రావాలె, హ్యాంగర్ వంగితే దానికీ అదే తిప్పలు. నీ సైకిల్ ఏది? ఆ ఎర్రదా? దానికి వైరు మార్చి ఎన్నాళ్లాయె? చూసినవా, యాదికి లేదు. ముందు రెండు వందల వైరు మార్చు, లక్ష సంగతి తర్వాత చూద్దాం.

బయట ఎవరెవరి సైకిళ్లు మొరాయిస్తున్నయో లైనుగ పెట్టుండ్రి. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కించి పెట్టుండ్రి, నాకు జర పని తప్పుతది. 5 నంబర్ అలెన్ కీ నాది ఒక్కటే ఉన్నది, మీ దగ్గరుంటే తీయుండ్రి.